కొత్త స్టేడియంలో లేచి నిలబడితే తప్పా?

చిత్తూరు_గన్నర్
ప్రాజెక్ట్ పని మీద లండన్ వచ్చి కొన్ని నెలలైంది. ఇంటర్ చదివే రోజుల నుంచి టీవీలో చూస్తున్న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌ని మొత్తానికి మొన్న స్టేడియంలో చూశాను. ఏ క్లబ్బో చెప్పను, నా గొడవ ఒక్క క్లబ్‌తో కాదు. కొత్త స్టేడియం, మెత్తటి సీటు, ఎక్కడ కూర్చున్నా పిచ్ మొత్తం కనబడుతుంది. టికెట్ ఫోన్‌లోనే, గేటు దగ్గర ఫోన్ పెడితే పచ్చ లైటు వెలుగుతుంది. లోపల నోట్లు చెల్లవు, అంతా కార్డే. ఇంతవరకూ వంక పెట్టడానికి లేదు.

మొదటి గోల్ పడినప్పుడు అందరూ లేచారు, కూర్చున్నారు. కాసేపటికి మా వింగర్ బంతి తీసుకుని లోపలికి దూసుకొస్తున్నాడు. ఆగలేక లేచాను. వెనకనుంచి భుజం తట్టి కూర్చోమన్నారు. రెండోసారి లేచేసరికి పచ్చ జాకెట్ వేసుకున్న స్టీవార్డ్ వచ్చి మర్యాదగానే చెప్పాడు, 'సార్, వెనకవాళ్ళకు అడ్డం'. పక్కాయన ఆట సగం ఫోన్‌లో తీస్తూనే ఉన్నాడు. ముందు వరసవాళ్ళు హాఫ్‌టైమ్ కాకముందే తినడానికి లేచిపోయి, రెండో సగం ఎప్పుడో మొదలయ్యాక వచ్చారు. పాటలన్నీ ఎదురు మూలనుంచే వస్తున్నాయి. అక్కడ అవతలి ఊరి జట్టు కోసం వచ్చినవాళ్ళు మూడు వేల మంది ఉంటారేమో. సొంత ఊరి జనం యాభై వేలమంది కూర్చుని వింటున్నారు.

చిత్తూరులో మా నాన్న, నేను టీవీ ముందు కూర్చుంటే ఇంతకంటే గోల ఉంటుంది. ఈ స్టేడియాలు ఆట చూపించడానికి కట్టారా, అభిమాని నోరు మూయించడానికి కట్టారా? పాతవి చూసినవాళ్ళు, వేరే దేశాల్లో చూసినవాళ్ళు చెప్పండి.

రేణిగుంట_రెడ్స్
టికెట్ ఎంతైంది?

చిత్తూరు_గన్నర్
మెంబర్‌షిప్ కాకుండా, టికెట్ ఒక్కటే మన డబ్బుల్లో ఏడు వేలు దాటింది. అదీ పై అంతస్తులో మూల సీటు.

రేణిగుంట_రెడ్స్
ఏడు వేలు కట్టి చేతులు కట్టుకుని కూర్చోవడమా సామీ!

అలిపిరి_మెట్లు
గన్నర్ బాధ న్యాయమైనదే. కానీ ఆ సీట్లు ఎందుకొచ్చాయో చెప్పుకోకుండా ఈ చర్చ ముందుకు పోకూడదు.

1989 ఏప్రిల్ 15, షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానం. లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మధ్య ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. లెపింగ్స్ లేన్ వైపు లివర్‌పూల్ వాళ్ళు నిలబడే గ్యాలరీ ఉంది. దాన్ని ఇనుప కంచెలతో దొడ్లలాగా విడగొట్టారు, పిచ్ వైపు కూడా ఎత్తైన కంచె కట్టారు. బయట తోపులాట ఎక్కువైందని పోలీసులు పెద్ద గేటు తెరిపించారు. అలా లోపలికొచ్చిన జనాన్ని ఖాళీగా ఉన్న పక్క దొడ్లకు మళ్ళించినవాళ్ళు లేరు. అందరూ ఎదురుగా కనబడిన సొరంగంలోంచి నేరుగా అప్పటికే నిండిపోయిన మధ్య దొడ్లలోకి వెళ్ళారు. ముందున్నవాళ్ళు కంచెకు, వెనకనుంచి వచ్చే ఒత్తిడికి మధ్య నలిగిపోయారు. ఆట ఆరు నిమిషాలకే ఆపేశారు. మొత్తం 97 మంది పోయారు. వాళ్ళలో చివరాయన ఆనాటి గాయాలతోనే 2021 వరకూ బతికాడు.

అభిమానులు తాగొచ్చి తోసుకున్నారని ఏళ్ళ తరబడి నిందవేశారు. 2016లో జ్యూరీ ఆ నింద కొట్టేసింది. అవి చట్టవిరుద్ధంగా జరిగిన మరణాలని, అభిమానుల ప్రవర్తన కారణం కాదని తేల్చింది. ఆ తీర్పు కోసం కుటుంబాలు 27 ఏళ్ళు పోరాడాయి.

అంతకుముందు 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క స్టాండ్ కింద పేరుకున్న చెత్త అంటుకుని 56 మంది చనిపోయారు. అదే నెల 29న బ్రస్సెల్స్‌లోని హైసెల్‌లో 39 మంది. హిల్స్‌బరో మీద విచారణ చేసిన జడ్జి టేలర్ తుది నివేదిక 1990 జనవరిలో వచ్చింది. ఇంగ్లండ్‌లో పై రెండు డివిజన్ల మైదానాల్లో 1994 కల్లా అన్నీ సీట్లే ఉండాలని గడువు పెట్టారు. పాత గ్యాలరీల గొప్ప చెప్పుకునేటప్పుడు ఈ పేజీ చింపేయకండి.

బైరాగిపట్టెడ_కుర్రోడు
మన ఊరివాళ్ళకు దీన్ని వేరే దేశం ఉదాహరణతో చెప్పాల్సిన పనిలేదు అన్నా. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో 6 మంది పోయింది తిరుపతిలోనే. ఆ రాత్రి మా వీధి చివరిదాకా చెప్పులు పడి ఉన్నాయి. అదే ఏడాది జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది. ఆ రోజు మా పిన్ని కొడుకు అక్కడికే బయల్దేరి, ట్రాఫిక్‌లో ఇరుక్కుని వెనక్కి వచ్చేశాడు. గేటు ఎప్పుడు తెరుస్తారు, ఎంతమందిని పంపుతారు, ఎటు పంపుతారు అన్నదాని మీదే ప్రాణాలు ఉంటాయి.

కపిలతీర్థం_కిక్
పై రెండు పోస్టులూ కలిపి చదివితే ఒకటి తెలుస్తుంది. హిల్స్‌బరోలో చంపింది నిలబడటం కాదు. కంచెలు, గేటు, దారి చూపించని నిర్వాహకులు. నిలబడి చూడటం అనేదే ప్రమాదకరం కాదని టేలర్ నివేదికలోనే ఉంది. అయినా సీట్లు ఎక్కువ భద్రమని ఆయన వాటివైపు మొగ్గారు.

స్వాతి_బాలాజీకాలనీ
నా మాట గట్టిగానే ఉంటుంది. పాత గ్యాలరీలు స్వర్గం అని రాసేవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే.

కాలేజీ రోజుల్లో ఒక జిల్లా మైదానంలో ఫైనల్ చూడ్డానికి ముగ్గురు అమ్మాయిలం వెళ్ళాం. సీట్లు లేవు, సిమెంటు మెట్లు. జనం పెరిగేకొద్దీ ఒకరి మీద ఒకరు పడే పరిస్థితి. వెనక ఎవడి చెయ్యో ఊరుకోలేదు. తిరిగి చూస్తే పాతిక మొహాలు, అన్నీ పిచ్ వైపే చూస్తున్నాయి. ఎవణ్ణి అడగాలి? హాఫ్‌టైమ్‌కే వచ్చేశాం. ఆ ఫైనల్‌లో ఎవరు గెలిచారో మాకు మర్నాడు పేపర్లో తెలిసింది.

ఇప్పుడు చెన్నైలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ ఆటలకు మా పాపను తీసుకుని వెళ్తున్నాను. వెళ్తున్నది సీటు నంబరు ఉంది కాబట్టే. వెనక సీటువాడు వెధవ్వేషం వేస్తే ఆ నంబరు చెప్పి పట్టించగలను. బాత్రూమ్ తలుపుకు గడియ ఉందా, ఆట అయ్యాక వెలుతురున్న దారిలో సెంట్రల్ దాకా నడవగలనా అన్నవి నాకు జట్టు కూర్పు కంటే ముందు వచ్చే ప్రశ్నలు. 2022లో వెంబ్లీలో ఆడవాళ్ళ యూరో ఫైనల్‌కు 87,192 మంది వచ్చారు. కుటుంబాలు, చిన్న ఆడపిల్లలు. పాత దొడ్లలోకి వాళ్ళు వచ్చేవాళ్ళా?

రేణిగుంట_రెడ్స్
స్వాతక్కా, దీనికి ఎదురు చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు.

నేలటికెట్
ఉంటారు, నేనున్నాను. స్వాతిగారి అనుభవానికి కాదు, ఆ అనుభవం చూపించి క్లబ్బులు చేసిన వ్యాపారానికి.

మన ఊళ్ళలో పాత హాళ్ళు పోయి మల్టీప్లెక్స్‌లు వచ్చినప్పుడు ఏం జరిగింది? ఏసీ వచ్చింది, శుభ్రమైన బాత్రూమ్ వచ్చింది, ఆడవాళ్ళు ధైర్యంగా వెళ్ళే చోటు అయింది. అన్నీ మంచివే. దాంతోపాటే నేల టికెట్ మాయమైంది. ఏసీకీ నేల టికెట్ తీసేయడానికీ సంబంధం ఏముంది? చవక వరసలు నాలుగు ఉంచి కూడా ఏసీ పెట్టొచ్చు కదా. ఫస్ట్ డే ఫస్ట్ షోకి కాగితాలు చించి ఎగరేసిన కుర్రాడికి ఇప్పుడు పాప్‌కార్న్ కొనే స్తోమత కూడా లేదు. ఆ గోల ఇప్పుడెందుకు లేదని మనమే ఆశ్చర్యపోతాం.

ఇంగ్లండ్‌లో అదే జరిగింది. టేలర్ నివేదిక ధర గురించి కూడా మాట్లాడింది. నిలబడి చూసేవాడి జేబుకు అందేలా చవక సీట్లు పెట్టడం సాధ్యమేనని చెబుతూ, గ్లాస్గోలోని ఐబ్రాక్స్‌లో సీటు 6 పౌండ్లు, నిలబడితే 4 పౌండ్లు అని ఉదాహరణ కూడా ఇచ్చింది. క్లబ్బులు సీట్ల సలహా తీసుకుని, ధర సలహా పక్కన పడేశాయి. 2024లో మాంచెస్టర్ యునైటెడ్ సీజన్ మధ్యలో మిగిలిన మెంబర్ టికెట్లన్నీ 66 పౌండ్లు చేసింది. పిల్లలకూ అంతే, పెన్షన్ తీసుకునే ముసలివాళ్ళకూ అంతే. తాతా మనవడూ కలిసి వెళ్తే మన లెక్కన పద్నాలుగు వేలు. ఇందులో భద్రత ఎక్కడుంది?

రేణిగుంట_రెడ్స్
ధర మాట వచ్చింది కాబట్టి మా లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్ సంగతి చెప్పాలి. 2016 ఫిబ్రవరి 6, సండర్లాండ్‌తో ఆట. కొత్త మెయిన్ స్టాండ్‌లో కొన్ని సీట్లు 77 పౌండ్లు చేస్తామని అంతకుముందే ప్రకటించారు. సరిగ్గా 77వ నిమిషంలో వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి మేం 2-0తో ముందున్నాం, ఆట 2-2 అయింది. తర్వాత కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. రాత్రి ఇక్కడ టీవీలో చూస్తున్న మాకు మొదట అర్థం కాలేదు. కామెంటేటర్ చెప్పాక రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

అలిపిరి_మెట్లు
దాని తర్వాతి సీజన్ నుంచే ప్రీమియర్ లీగ్‌లో బయటి ఊరి అభిమానుల టికెట్ 30 పౌండ్లు దాటకూడదని నియమం వచ్చింది. గన్నర్ విన్న పాటలు ఆ మూలనుంచే రావడంలో వింత లేదు. ధర అందుబాటులో ఉంది, అంతా ఒకచోటే ఉంటారు, ఎక్కువమంది నిలబడే చూస్తారు. మిగతా స్టేడియంలో ఆ మూడూ లేవు.

కపిలతీర్థం_కిక్
అందరం క్లబ్బుల్నే తిడుతున్నాం. ఆ యాభై వేలలో నోరు విప్పకుండా కూర్చున్నవాళ్ళు ఎవరు అని కూడా అడగాలి. ఒక్కసారి చూసి పోదామని విమానం ఎక్కి వచ్చినవాళ్ళు, కంపెనీ టికెట్ మీద వచ్చినవాళ్ళు. అక్కడి వీధుల్లో పుట్టిన కుర్రాడు ఆన్‌లైన్ వరసలో వెనకబడిపోతున్నాడు. చిత్తూరు నుంచి, చెన్నై నుంచి, కువైట్ నుంచి మనం టీవీకి కట్టిన డబ్బు, కొన్న జెర్సీలు, బుక్ చేసుకున్న టికెట్లు, వీటి మీదే ఆ స్టేడియాలు నిలబడ్డాయి. ఆ కుర్రాడి దృష్టిలో మనమే టూరిస్టులం.

చిత్తూరు_గన్నర్
ఇది నేను ఒప్పుకోను. నేను ఫోటో కోసం వెళ్ళలేదు. 2006 మే 7న మా ఆర్సెనల్ పాత స్టేడియం హైబరీలో చివరి ఆట మా ఇంట్లో ఎంత టెన్షన్‌గా చూశామో నాకు గుర్తుంది. విగాన్ మీద 4-2, ఆన్రీ మూడు గోల్స్ కొట్టి, పెనాల్టీ వేశాక మోకాళ్ళ మీద కూర్చుని ఆ గడ్డిని ముద్దు పెట్టుకున్నాడు. 38 వేల మంది పట్టే హైబరీ వదిలి 60 వేల ఎమిరేట్స్‌కు వెళ్ళిన తర్వాత, ఆ కొత్త స్టేడియం బాకీలు తీర్చడానికి ప్రతి వేసవిలో ఎవరో ఒక మంచి ఆటగాణ్ణి అమ్ముతుంటే ఇక్కడ గుండెలు బాదుకున్నది కూడా మేమే. 2005 తర్వాత మళ్ళీ కప్పు 2014లో. ఆ తొమ్మిదేళ్ళూ వదలకుండా చూసినవాణ్ణి టూరిస్ట్ అంటే ఎలా? నేను అక్కడ లేచి అరవాలనే వెళ్ళాను. కూర్చోమన్నది వాళ్ళు.

దోహా_మదనపల్లె
గన్నర్ తమ్ముడి బాధ మాకు బాగా తెలుసు. 2022 ప్రపంచ కప్ ముందు దోహాలో మలయాళీలు, మన తెలుగువాళ్ళు అర్జెంటీనా, బ్రెజిల్, ఇంగ్లండ్ జెర్సీలు వేసుకుని డప్పులతో ఊరేగితే, డబ్బిచ్చి తెప్పించిన దొంగ అభిమానులని యూరప్ పేపర్లు రాశాయి. కేరళ పోయి చూస్తే తెలుస్తుంది, అక్కడ కోళికోడ్ జిల్లాలో వాగు మధ్యలో మెస్సీ, నెయ్‌మార్ కటౌట్లు పెట్టారు. గోధుమరంగు చర్మం ఉన్నవాడు ఇంగ్లండ్ పాట పాడకూడదా?

అసలు కొత్త స్టేడియం అంటే అంతా చెడ్డదే అన్న మాట నేను ఒప్పుకోను. ఖతార్‌లో ఉండేవాళ్ళకు గ్రూప్ ఆటల టికెట్ 40 రియాల్స్‌కు ఇచ్చారు, అప్పుడు మన డబ్బుల్లో దాదాపు 900. అలా నేను, నా రూమ్‌మేట్ స్టేడియం 974లో బ్రెజిల్, స్విట్జర్లాండ్ ఆట చూశాం. షిప్పింగ్ కంటెయినర్లు పేర్చి కట్టిన స్టేడియం అది. 83వ నిమిషంలో కాసెమీరో కొట్టిన గోల్ మా ఎదురుగానే వెళ్ళి వలలో పడింది. మెట్రో ఉచితం, తోపులాట లేదు. డ్రైవర్ ఉద్యోగం చేసేవాడికి జీవితంలో ఇంకెక్కడ దొరుకుతుంది?

ఒక్కటి మాత్రం ముల్లులా ఉంది. మా క్యాంపులో స్టేడియం పనికి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. ఆట రోజుల్లో వాళ్ళకు డ్యూటీ పడింది. వాళ్ళు బిగించిన సీటులో నేను కూర్చున్నాను.

నేలటికెట్
అన్నా, నేను చెప్పేదానికి నీ 40 రియాల్సే రుజువు. కొత్త కట్టడం, చవక టికెట్ కలిసి ఉండగలవు. ఎవరో ఒకరు అలా నిర్ణయించాలి, అంతే.

ఖరగ్‌పూర్_మామ
నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో. రిటైరై తిరుపతి వచ్చేశాను. కుర్రాళ్ళు పాత గ్యాలరీ ఎలా ఉండేదని అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

1997 జూలై 13, కలకత్తా సాల్ట్ లేక్. ఫెడరేషన్ కప్ సెమీఫైనల్, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్. లెక్క ప్రకారం లోపల 1,31,781 మంది. వాళ్ళలో నేనూ ఉన్నాను. కుర్చీలు లేవు, కాంక్రీటు మెట్లు. ఇద్దరు పట్టే చోట ముగ్గురం ఇరుక్కున్నాం. ఎండకు కాలిన మెట్టు మీద పేపరు పరుచుకుని కూర్చుంటే, లేచేసరికి పేపరు అక్షరాలు ప్యాంటుకు అంటుకున్నాయి. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా 'డైమండ్ సిస్టమ్' అనే ఆట పద్ధతి గురించి అంతకుముందు రోజుల్లో పేపర్ల నిండా ఒకటే రాతలు. అటు ఈస్ట్ బెంగాల్‌కు పీకే బెనర్జీ కోచ్. ఆట 4-1తో ఈస్ట్ బెంగాల్ గెలిచింది, భూటియావే మూడు. మూడోది పడినప్పుడు కింద కాంక్రీటు అదిరింది, అది చెవికి కాదు కాళ్ళకు తెలిసింది. ముక్కూ మొహం తెలియని ముసలాయన నన్ను కావలించుకుని ఏడ్చేశాడు.

2017 అండర్-17 ప్రపంచ కప్ కోసం అక్కడ బకెట్ సీట్లు వేశారు. ఇప్పుడు 70 వేల లోపే పడతారు, అంటే ఆనాటి జనంలో సగం. శుభ్రంగా ఉంది, కూర్చుంటే నడుము నొప్పి లేదు. ఆ అదురు మాత్రం మళ్ళీ నాకు దొరకలేదు.

అయితే 1980 ఆగస్టు 16 కూడా నాకు తెలుసు. ఈడెన్ గార్డెన్స్‌లో అవే రెండు జట్ల ఆటలో గొడవై, తొక్కిసలాటలో 16 మంది పోయారు. మా పెదనాన్న కొడుకు ఆ రోజు అక్కడే ఉన్నాడు. వాడు ఇంటికి చేరేదాకా మా పెద్దమ్మ వాకిట్లోంచి కదల్లేదు.

బైరాగిపట్టెడ_కుర్రోడు
మామా, లక్షా ముప్పై వేల మంది ఆట అయ్యాక బయటికి ఎలా వచ్చారు? నాకు అదే ఊహకు అందట్లేదు.

ఖరగ్‌పూర్_మామ
మెట్లు కాదు నాయనా, వాలుగా ఉండే ర్యాంపులు, 30 ఉన్నాయి. మెట్ల మీద ఒకడు జారితే వెనక పదిమంది పడతారు, ర్యాంపు మీద ఆ ఇబ్బంది తక్కువ. 1984లో కట్టినవాళ్ళు అది ఆలోచించారు. నేను బయటపడి రైలు అందుకునేసరికి అర్ధరాత్రి అయింది, అది వేరే సంగతి.

తిరుచానూరు_టాఫీ
ఎవర్టన్ క్లబ్ వాణ్ణి ఈ ఫోరంలో నేనొక్కణ్ణే అనుకుంటా. 1892 నుంచి మేం ఆడిన గుడిసన్ పార్క్‌లో మగవాళ్ళ జట్టు చివరి ఆట 2025 మే 18న అయిపోయింది. సౌతాంప్టన్ మీద 2-0. ఆ ఏడాదే బ్రామ్లీ మూర్ రేవు దగ్గర 52 వేలు దాటి పట్టే కొత్త స్టేడియానికి మారాం.

మా చెల్లెలు లివర్‌పూల్‌లో నర్సు. గుడిసన్‌లో ఆమెకు దొరికిన సీటు ముందు ఇనుప స్తంభం. కార్నర్ తీసేవాడు కనబడితే గోల్‌కీపర్ కనబడడు, మెడ ఇటు తిప్పితే కీపర్ కనబడతాడు, కార్నర్ పోతుంది. 'అన్నా, సగం ఆట ఎదుటివాళ్ళ మొహాలు చూసి తెలుసుకున్నా' అంది. ఇప్పుడు కొత్తదాంట్లో అంతా కనబడుతుందట. అయినా గుడిసన్ చుట్టూ ఉన్న ఇళ్ళు, మూల మీద ఆనుకుని ఉన్న చర్చి, ఆట రోజు ఆ సందుల్లో నడక, ఇవన్నీ రేవు దగ్గర ఎక్కడినుంచి వస్తాయి అంటుంది. నాకు నచ్చిన విషయం, గుడిసన్‌ను పడగొట్టకుండా ఆడవాళ్ళ జట్టుకు ఇచ్చారు. హైబరీలాగా ఫ్లాట్లు కట్టలేదు.

చిత్తూరు_గన్నర్
ఆ ఫ్లాట్ల మధ్య పిచ్ ఉన్న చోట ఇప్పుడు తోట ఉంది. ఒక సాయంత్రం నడుచుకుంటూ వెళ్ళి చూశా. తూర్పు స్టాండ్ ముందు గోడ అలాగే ఉంచారు.

పసుపు_గోడ
డోర్ట్‌మండ్‌లో మాస్టర్స్ చేస్తున్నా, మాది పుత్తూరు. ఇక్కడి దక్షిణపు స్టాండ్‌లో దాదాపు 25 వేల మంది నిలబడే చూస్తారు. యూరప్‌లో ఇంత పెద్ద నిలబడే స్టాండ్ ఇంకోటి లేదు. టికెట్ 20 యూరోల లోపే. ఆ టికెట్ మీదే ఊళ్ళో రైలు, బస్సు ఫ్రీ. క్లబ్ ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలని ఇక్కడ 50+1 నియమం ఉంది, అందుకే ధర పెంచాలంటే భయపడతారు. 2023 చివర్లో లీగ్ తన వ్యాపార హక్కుల్లో కొంత వాటా పెట్టుబడిదారుకు ఇస్తానంటే, ఊరూరా అభిమానులు పిచ్ మీదికి టెన్నిస్ బంతులు విసిరి ఆటలు ఆపేశారు. 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆ ఆలోచన మానుకుంది.

కానీ ఇబ్బందులూ చెప్తా. జెండా ఊపేవాడు ముందుంటే పిచ్ కనబడదు. గోల్ పడిందంటే ఎవడి బీరో నీ నెత్తిమీద. నా పొట్టి స్నేహితుడు ఒకసారి వచ్చి, 'నేను చూసింది వీపులే' అన్నాడు. టికెట్ దొరకడమూ కష్టమే. నాకు మాత్రం ఆట మొదలయ్యే ముందు ఆ 25 వేల మంది మెడ కండువాలు పైకెత్తి పాడే నిమిషం చాలు.

అలిపిరి_మెట్లు
ఇంగ్లండ్ కూడా ఇప్పుడు అటే వస్తోంది. 2022 జనవరిలో ఐదు క్లబ్బుల్లో ప్రయోగం చేసి, ఆ ఏడాది ఆగస్టు నుంచి లైసెన్సుతో నిలబడనిస్తున్నారు. ప్రతి సీటు ముందు నడుమెత్తు కడ్డీ ఉంటుంది. ఒక సీటుకు ఒకడే, కాబట్టి వెనకనుంచి అలలా తోసుకురావడం ఉండదు. యూరప్ పోటీల్లో కూడా అదే ఏడాది నుంచి కొన్ని దేశాల్లో అనుమతి ఇచ్చారు. 2019లో తెరిచిన టోటెన్‌హామ్ స్టేడియం చూడండి, దక్షిణం వైపు 17,500 మందికి ఒకే ఏటవాలు స్టాండ్ కట్టారు. డోర్ట్‌మండ్‌ను చూసే అలా గీశారు. కొత్తదైనా గొంతు నిలిచేలా కట్టవచ్చు. గన్నర్, నువ్వు బుక్ చేసుకోవాల్సింది అలాంటి బ్లాకు.

చిత్తూరు_గన్నర్
స్పర్స్‌ని (టోటెన్‌హామ్‌ని) నా ముందు పొగడకు అన్నా, అది వేరే బాధ! నిలబడే బ్లాకులన్నీ సీజన్ టికెట్ వాళ్ళవే, నాకు కనబడేవి పై అంతస్తు మూలలే.

బెంగళూరు_బస్సు
ఇంకో విషయం ఎవరూ ఎత్తలేదు. దూరం. వెస్ట్ హామ్ 2016లో ఇళ్ళ మధ్య ఉన్న అప్టన్ పార్క్ వదిలి ఒలింపిక్ స్టేడియానికి మారింది. గోల్ వెనక కూర్చుంటే పిచ్ ఎక్కడో ఉంటుంది. 2018 మార్చిలో బర్న్‌లీ చేతిలో 3-0తో ఓడిన రోజు జనం పిచ్ మీదికే వచ్చేశారు. టూరిన్‌లో యువెంటస్ తెలివైన పని చేసింది. రన్నింగ్ ట్రాక్ ఉన్న డెల్లే ఆల్పీ పడగొట్టి, 2011లో అదే చోట 41 వేల చిన్న స్టేడియం ట్రాక్ లేకుండా కట్టుకుంది. సీట్లు తగ్గాయి, గోల పెరిగింది.

చెన్నై నెహ్రూ, బెంగళూరు కంఠీరవ రెండిట్లోనూ ట్రాక్ ఉంది. కంఠీరవలో బెంగళూరు ఎఫ్‌సీ అభిమానుల గుంపు వెస్ట్ బ్లాక్ బ్లూస్ పక్కన నిలబడి గొంతు పోయేదాకా అరిచాను, మా గొంతు ట్రాక్ దాటేసరికే సగం ఆవిరి. అథ్లెట్లకు ట్రాక్ కావాలి, ఆ పిల్లల్ని తరిమేయమని నేను అనను. ఫుట్‌బాల్‌కు పదిహేను వేల మంది పట్టే సొంత మైదానం వేరే ఉండాలి.

కపిలతీర్థం_కిక్
కొచ్చి కలూర్‌కు పోయావా? కేరళ ఎక్స్‌ప్రెస్ తిరుపతిలోనే ఎక్కొచ్చు, దిగాక మెట్రో స్టేడియం పక్కనే ఆపుతుంది. అది క్రికెట్‌కూ వాడిన స్టేడియమే, పిచ్ దూరమే. అయినా మంజప్పడ (కేరళ బ్లాస్టర్స్ అభిమానుల గుంపు) వాళ్ళు మొదలుపెడితే పక్కవాడి మాట వినబడదు. కాబట్టి తప్పంతా కట్టడానిదే అనలేం.

బెంగళూరు_బస్సు
మన తెలుగువాళ్ళ సంగతి ఇంకా ఘోరం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ కప్పు కొట్టింది, అదీ ఆ మంజప్పడ జట్టునే పెనాల్టీల్లో ఓడించి. 2025లో క్లబ్ ఢిల్లీకి వెళ్ళిపోయింది. గచ్చిబౌలిలో స్టేడియం ఉంది, అభిమానులు ఉన్నారు, జట్టు లేదు. ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ ఊరికి ఇదా గతి?

ఖరగ్‌పూర్_మామ
రహీం సాబ్ శిక్షణలోనే ఇండియాకు 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం. హైదరాబాద్ పోలీస్ జట్టు వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఈ మాట మా నాన్న కలకత్తాలో బెంగాలీల ముందు ఛాతీ విరుచుకుని చెప్పేవాడు.

నేలటికెట్
చెన్నైలో ఎలా ఉంటే బాగుంటుందో నేనొకటి అంటా. గోల్ వెనక కడ్డీలున్న నిలబడే బ్లాకు, వంద రూపాయల టికెట్. పక్క స్టాండ్ కుటుంబాలకు, పిల్లలున్న ఆడవాళ్ళకు. స్వాతిగారికీ ఇబ్బంది ఉండదు, కుర్రాళ్ళకూ ఇబ్బంది ఉండదు.

స్వాతి_బాలాజీకాలనీ
ఇది నేను ఒప్పుకోను. ఆడవాళ్ళను ఫ్యామిలీ స్టాండ్‌లో కూర్చోబెట్టి, పాటలు మీరు పాడతారా? నాకూ నిలబడి అరవాలని ఉంటుంది, మా పాప అయితే నాకంటే గట్టిగా అరుస్తుంది. మీ నిలబడే బ్లాకులో ఒకడికి ఒక చోటు, ఆ చోటుకు ఒక నంబరు, గొడవ చేసినవాణ్ణి బయటికి పంపే స్టీవార్డ్, అందులో కొందరు ఆడవాళ్ళు. ఇవి ఉంటే నేను మీ పక్కనే నిలబడతాను. వంద రూపాయల టికెట్‌కు నా ఓటు కూడా ఉంది.

పసుపు_గోడ
ఇక్కడ దక్షిణపు స్టాండ్‌లో ఆడవాళ్ళు బాగానే ఉంటారు అక్కా. స్టేడియంలో ఎవరైనా ఇబ్బంది పెడితే వెంటనే సాయం అందించే ఏర్పాటు కూడా ఉంది. గోడల మీద ఆ పోస్టర్లు అంటించి ఉంటాయి.

నేలటికెట్
స్వాతిగారి షరతులన్నీ నాకు సమ్మతమే. ఆ ఏర్పాటు గురించి కొంచెం వివరంగా రాయి పసుపు_గోడా, చెన్నై అభిమానుల గుంపులో పెడదాం.

పసుపు_గోడ
శనివారం ఆట ఉంది, అక్కడ ఆ పోస్టర్లకు ఫోటో తీసి పెడతా.

రేణిగుంట_రెడ్స్
చెన్నైలో ఆట తేదీ తెలియగానే ఇక్కడే చెప్తా. వచ్చేవాళ్ళు పొద్దున రైలుకు రండి, నెహ్రూ స్టేడియం సెంట్రల్ నుంచి నడిచిపోయే దూరమే. రాత్రి మాధవరంలో తిరుపతి బస్సు దొరుకుతుంది. స్వాతక్కా, పాపకు జెర్సీ సైజు చెప్పండి.

స్వాతి_బాలాజీకాలనీ
ఎనిమిదేళ్ళ పిల్ల సైజు. వెనక పేరు వద్దు, 9 నంబరు చాలు.